పంచరు షాపు ముందర నీళ్ల కుండ

నంద్యాల,
మార్చి 16, 1981.

లూదియాకు,

"ప్రభువునందు ప్రియమైన చెల్లెలికి" అని అలవాటుకొద్దీ రాశాను. రాసి కొట్టేశాను. ఆ గీత నీకు కనబడాలనే వేరే కాగితం తీసుకోలేదు.

నిన్న ఆరాధన అయిపోయి చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే సరోజమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. శనివారం ఆమె ఆళ్లగడ్డలో కూతురింటికి పోయి ఉన్నదట. "మీ చెల్లెలు హైదరాబాదు నుంచి వ్యానేసుకోని వచ్చిండెనే జయమ్మా, మీ ఇంటికి రాల్యా?" అని అడిగింది. నేనేం చెప్పను? "వచ్చింది, వచ్చింది" అని గుడి మెట్ల మీద నిలబడి అబద్ధమాడాను.

అంతటితో ఊరుకుంటే ఆమె సరోజమ్మ ఎందుకవుతుంది? "మరి మీ నాయన్ను పలకరియ్యకుండనే పాయనే! లాల్ సాహెబ్ టీ అంగట్లో కూచోని కండ్లారా చూసినా. మీ నాయన టైర్లకు గాలి కొడతాండాడు. ఈ పిల్ల కొంగు నెత్తిన కప్పుకోని బొమ్మ మాదిరి నిలబడింది. మళ్ల ఎక్కి పాయ. ఆ డ్రైవరే చెప్పినాడు, ఆఫీసు ఆడోళ్లంట, ఒగ రోజు టూరంట, మహానంది, అహోబిలం చూస్తారంట" అని అందరూ వినేట్టు చెప్పింది. పాస్టరమ్మగారు కూడా విన్నారు.

ఏమే, నీ ఆఫీసు ఆడవాళ్ల ముందు నాయన నల్ల చేతులు నీకు నామర్దా అయ్యాయా? అమ్మ పోయాక ఆ చేతులే నీకు జడ వేశాయి. పంచర్లు వేసి వేసి నిన్ను షార్టుహ్యాండుకు పంపింది ఆ చేతులే. ఆ జిగురు వాసన అప్పుడు నీకు కంపు కొట్టలేదు. రెండేళ్లు సెక్షన్లో టైపు కొట్టగానే కొట్టిందా?

నంద్యాల మీదుగానే పోయి ఉంటావు. మా వీధి మలుపు దాటేటప్పుడు తల అటు తిప్పుకున్నావేమో. నన్ను చూడకుండా పోయావు, సరే. నాయనకు మొహం చాటేసిన దానివి నాకు చెల్లెలివి ఎట్లా అవుతావు? దీనికి జవాబు రాయి. రాయకపోతే అదే జవాబనుకుంటాను.

జయమ్మ


హైదరాబాదు,
మార్చి 24.

అక్కకు,

నీ గీత కనబడింది. నేను "ప్రియమైన" అని అసలు రాయలేదు గనుక నాకు కొట్టేసే శ్రమ లేదు.

వచ్చిన మాట నిజం. రెండో శనివారం సెలవని ఆఫీసు ఆడవాళ్లం చందాలు వేసుకుని మెటాడోర్ వ్యాను మాట్లాడుకున్నాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరి తెల్లారేసరికి నంద్యాల చేరాం. అంత పొద్దున్నే ఇంతమందిని వెంటేసుకుని నీ రెండు గదుల ఇంటికి వస్తే, బావ తువ్వాలు కట్టుకుని ఏ తలుపు వెనక దాక్కునేవాడు? మహానంది కోనేట్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాళ్లు పెట్టాను. అది కూడా సరోజమ్మకు చెప్పు, వచ్చే ఆదివారం పనికొస్తుంది. అహోబిలంలో కొండెక్కి చూస్తే జలపాతం నూలుపోగంత ఉంది. మార్చిలో జలపాతం చూడ్డానికి పోయిన తెలివైనవాళ్లం మేమే. అందరూ డ్రైవర్ను తిట్టారు, పాపం అతనేం చేస్తాడు?

కొంగు కప్పుకున్నది ఎండకు.

ఇక నాయన సంగతి. సరోజమ్మకు కళ్లున్నాయి, చెవులు రోడ్డుకు అవతల ఉన్నాయి. షాపు దగ్గర ఏం జరిగిందో నాయననే అడుగు. ఆయన చెబితే విను. ఆయన చెప్పకపోతే నేనూ చెప్పను. నీ జాబు చదివాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. జడ వేసిన చేతుల గురించి నాకు నువ్వు గుర్తు చెయ్యాలా? నీ కంటే ఎక్కువ కాలం వేయించుకున్నాను.

ఈస్టరుకు రాను.

లూదియా


నంద్యాల,
ఏప్రిల్ 22.

లూదియాకు,

అన్న మాట నిలబెట్టుకున్నావు, ఈస్టరుకు రాలేదు. నేను పిల్లలను తీసుకుని ఆళ్లగడ్డకు పోయాను. నాయన గుడికి వచ్చాడు, పాట పాడాడు, భోజనంలో రెండోసారి కూర వేయించుకున్నాడు. నీ పేరెత్తితే మాత్రం లేచి చేతులు కడుక్కున్నాడు.

"ఏం జరిగింది నాయనా ఆ పొద్దు?"

"ఏం జరుగుతాది? గాలి కొట్టించుకోని పాయిరి."

"లూదియా నీతో మాట్లాడల్యా?"

"ఆ పిల్లనేం అనొద్దు. ఆ పిల్ల తప్పేం ల్యా."

ఈ మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను టీచర్ ట్రైనింగు రోజుల్లో ఒక బస్సు తప్పిపోయి ఆలస్యంగా వస్తే వీధిలో నిలబెట్టి అరిచిన మనిషి, నిన్ను ఒక్క మాట అనడు! నిన్ను వెనకేసుకొచ్చినప్పుడల్లా ఆయన మొహం చూడాల్సింది నువ్వు. దెబ్బ తిన్నవాడే అట్లా తప్పేం లేదంటాడు.

ఇంకోటి. షాపు ముందర నీళ్ల కుండ లేదు. అమ్మ పెట్టిన చోటు, ఎన్నిసార్లు పగిలినా మళ్లీ కొత్తది తెచ్చి పెట్టే చోటు. ఇసుక కుప్ప ఎండిపోయి ఉంది. లారీ వాళ్లు వచ్చి చూసి పోతున్నారు. "కుండ ఏది?" అంటే "పగిలింది" అన్నాడు. "ఎట్ల?" అంటే "కుండలు పగలక ఏం జేస్తాయి?" అన్నాడు. లాల్ సాహెబ్ను అడిగితే "ఆ పొద్దు మీ నాయన నా తావ జగ్గు, గ్లాసులు తీసుకపాయ, అంతే నాకు తెలిసింది. ఆ మర్సటి పొద్దు నుంచి కుండ ల్యా" అన్నాడు. తన కుండ పెట్టుకుని సాహెబ్ దగ్గర నీళ్లెందుకు అడిగాడో నాకు అంతుబట్టలేదు.

జూన్‌లో హైదరాబాదు వచ్చి నీ గది చూస్తానని, రెండు రోజులు ఉంటానని నాయన సంబరంగా ఒక చేతిసంచి కొన్నాడు, గుర్తుందా? నీకే జాబు రాయించాడు గదా, "ఆకుపచ్చ సంచి" అని. ఆ సంచిలో ఇప్పుడు పాత ట్యూబు ముక్కలు వేసి మేకుకు తగిలించాడు. "హైదరాబాదు పోవా?" అన్నాను. "నాకు ఆడ ఏం పని?" అన్నాడు.

ఆ మనిషిని నీ గుమ్మం తొక్కకుండా చేశావు. సంతోషమా?

జయమ్మ


హైదరాబాదు,
మే 2.

అక్కా,

సంచిలో ట్యూబు ముక్కలు వేశాడని రాశావు చూడు, అది చదివాక ఇక నోరు కట్టుకోవడం నా వల్ల కాలేదు. నాయన పరువు నాయన చూసుకుంటాడు. విను.

మహానంది నుంచి ఆళ్లగడ్డ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వ్యానులో నీళ్లు అయిపోయాయి. "ముందర ఎడమ పక్క పంచరు షాపు ఉంది, గాలి చూపిద్దాం ఆపు" అని డ్రైవరుతో చెప్పింది నేనే. టైర్లకేం కాలేదు. నాయన కోసం ఆపించాను. చెప్పకుండా వచ్చి ఎదురుగా నిలబడితే ఆయన మొహం ఎట్లా వెలుగుతుందో చూడాలని హైదరాబాదు నుంచి అదే ఊహించుకుంటూ వచ్చాను. ఇదిగో మా నాయన, నన్ను చదివించింది ఈయనే అని వీళ్లందరికీ చూపించాలనుకున్నాను.

ఆయన ఒక లారీ కింద నుంచి లేచాడు. బనీను, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన లుంగీ. నన్ను చూశాడక్కా, ఒట్టు. చూపు నా మీద నిలిచింది. తర్వాత దిగుతున్న వాళ్లను చూశాడు. నాతో ఒకే గదిలో ఉండే రంగనాయకిని, పట్టుచీరలో ఉన్న వాళ్ల పెద్దమ్మను, చేతి గడియారాలను, నల్లకళ్లద్దాలను చూశాడు. మళ్లీ నా వైపే తిరిగి, "యా ఊరు నుంచి వస్తాండారమ్మా?" అని అడిగాడు.

నన్ను అడిగాడు! ఎగతాళి చేస్తున్నాడనుకుని నాకు నవ్వు కూడా వచ్చింది. నేను నోరు తెరిచేలోపల రంగనాయకి "హైదరాబాదు" అంది. "దూరమే" అని ఆయన గాలి పైపు అందుకున్నాడు.

రంగనాయకి పెద్దమ్మకు దప్పికయింది. "ఆ కుండలో నీళ్లు తాగొచ్చా బాబూ?" అని అడిగింది. నాయన గబగబా వచ్చి కుండకు అడ్డం నిలబడ్డాడు. "ఆ నీళ్లు మీరు తాగేటివి కాదమ్మా. మేము మాలపేటోళ్లం. టీ అంగట్లో సాయిబు తావ తెప్పిస్తా, రవ్వంత ఉండండి" అన్నాడు. ఆమె "మంచివాడివి, ముందే చెప్పావు" అని వెనక్కి జరిగింది. ఆమెను నేనిప్పుడేం అనను. ఆమె అడిగింది, ఆయన వద్దన్నాడు.

నేను కుండ పక్కనే ఉన్నాను. అది అమ్మ పెట్టిన చోటు, ఆ సత్తు గ్లాసు సొట్ట నేను చిన్నప్పుడు పడేసి చేసిందే. నా గొంతు ఎండిపోయి ఉంది. గ్లాసు తీసుకున్నాను. నాయన దాన్ని నా చేతిలో నుంచి లాక్కున్నాడు. లాక్కుని బోర్లించి, "మీకు గూడా తెప్పిస్తానమ్మా" అన్నాడు.

మీకు! నాకు మీరట!

సాహెబ్ జగ్గు వచ్చింది. అందరూ తాగారు. నేను తాగలేదు. రంగనాయకి రూపాయి ఇస్తే ఆయన కళ్లకద్దుకుని బొడ్లో పెట్టుకున్నాడు. వ్యాను కదిలింది. అహోబిలం చేరాం. కొండ మీద అందరూ ఫోటోలు దిగుతుంటే నేను ఒక బండ మీద కూర్చుని రాళ్లు విసురుతున్నాను.

కన్నతండ్రి నా చేతిలో గ్లాసు లాక్కుని నన్ను పరాయిదాన్ని చేశాడు. ఊరేమో నేనే ఆయన్ను పరాయివాణ్ణి చేశానని చాటింపు వేసింది. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు నువ్వూ వచ్చి నా మీద పడ్డావు. నేను సిగ్గుపడతానని ఆయనకు ఎవరు చెప్పారు? నన్ను అడిగాడా? తనంతట తానే తీర్మానం చేసేసి, ఇప్పుడు సంచిలో ట్యూబులేసుకుని అలిగాడా? అలగాల్సింది నేను!

నాయనకు ఈ జాబు చూపించు. దాచొద్దు.

లూదియా


నంద్యాల,
జూన్ 9.

చెల్లీ,

ఈసారి కొట్టేయలేదు, పూర్తిగా రాయనూ లేదు. నీ జాబు చదివాక నీ మీద ఉన్న కోపం సగం పోయింది. ఆ సగం నాయన మీదికి మళ్లింది. మిగతా సగం సంగతి చివర రాస్తాను.

ముందు నీకు తెలియని మాట ఒకటి చెప్పాలి. నువ్వు అప్పుడు అమ్మ కడుపులో ఉన్నావు. ఎండాకాలంలో చాగలమర్రి వైపు నుంచి ఒక జీపు వచ్చి ఆగింది, పెళ్లివాళ్లు. దప్పికన్నారు. అమ్మ ముంచి ఇచ్చింది, తాగారు, పోయారు. ముందర ఎక్కడో వాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు. జీపు తిరిగొచ్చింది. ఒకడు దిగి, చెప్పుకాలితో కుండను తన్నాడు. నాయన చెంప మీద కొట్టాడు. "చెప్పి పొయ్యాల్నని తెలీదురా నీకు?" అన్నాడు. నేను అమ్మ చీర పట్టుకుని ఉన్నాను. నాయన తిరిగి చెయ్యెత్తలేదు. లాల్ సాహెబ్ ఒక్కడే రోడ్డు దాటి వచ్చి జీపుకు అడ్డం నిలబడి తిట్టాడు. మర్నాడు అమ్మ కొత్త కుండ తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టింది. నాయన మాత్రం అప్పటి నుంచి కారులో వచ్చినవాళ్లెవరికైనా ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాడు. లారీ వాళ్లకు చెప్పడు, వాళ్లడగరు. ఈ సంగతి నీకు చెప్పొద్దని అమ్మ మా దగ్గర మాట తీసుకుంది. "ఆ పిల్లన్నా ఇది తెలీకుండా పెరగనీ" అంది.

బడి సెలవుల చివర్లో పోయి నీ జాబు నాయన చేతికిచ్చాను. గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని, పెదాలు కదుపుతూ అంతా చదివాడు. మడిచి ఇచ్చాడు. నేను ఊరుకోలేదు.

"ఎందుకు జేసినావు నాయనా అట్ల? లూదియా నిన్ను కొడతాదా?"

"ఆ పిల్ల గాదు. వాళ్లు ఆ పిల్లను ఏమంటారో అని. అందరూ కలిసి తినేటోళ్లు, ఒగే ఆఫీసు."

"సిగ్గుపడతాదని నీకెవురు చెప్పిరి?"

అప్పుడు లేచాడే మనిషి! చేతిలో ఉన్న రెంచి నేలకేసి కొట్టాడు.

"పొద్దస్తమానం నన్నే అడుగుతాండావే! ఆ పిల్లకు నోరు ల్యా? రాత్రంతా ఒగే బండిలో వచ్చిరి. దావలో ఒగ మాట చెప్పిందా, మా నాయన ఆడ పంచర్లేస్తాడని? చెప్పింటే వాళ్లు దిగుతానే 'లూదియా వాళ్ల నాయన నువ్వేనా' అని అడుగుదురు గదా? ఒగరన్నా అడిగిరా? నాకు అర్థం కాదా? జాబన్నా రాయకుండా వచ్చె. నేను చొక్కా గూడ ఏసుకోల్యా. నా మొహం వెలుగుతాదా లేదా సూడాలంట! నేనేమన్నా దీపమా? సరే, గలాసు లాక్కున్నా. తప్పే. అప్పుడన్నా 'నాయనా' అంటే ఆ పిల్ల నోట్లో ముత్యాలు రాల్తాయా? అనల్యా. సూస్తా నిలబడె. ఆ పట్టుచీరమ్మ గూడ బాబూ అని పిలిచె, నా బిడ్డ ఏమనీ పిలవల్యా. నేను అడ్డం నిలబడినా, నిజమే. తోసుకోని రాకూడదా?"

అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. టీ అంగట్లో వాళ్లు కూడా లేచి చూశారు. తల పక్కకు తిప్పుకుని, "ఆ బండి పోయినాక కుండను నేనే తన్నినా" అన్నాడు.

ఆనాడు ఎవడో తన్నిన కుండను ఇప్పుడు నాయనే తన్నుకున్నాడు చూడు.

ఇక ఆ మిగతా సగం కోపం. అది నీ దగ్గరే ఉంచుతున్నాను. ఒక్క మాట అనడానికి నీకు ఆ పొద్దంతా సరిపోలేదా? జాబుల్లో ఇంత నోరుంది, షాపు ముందర ఏమైంది?

జయమ్మ


హైదరాబాదు,
ఆగస్టు 20.

అక్కా,

జవాబు ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టి చించాను. ప్రతిసారీ నాయనను తిట్టడంతో మొదలై, నన్ను తిట్టుకోవడం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

జీపు సంగతి మీరు దాచారు. ఎవరి మంచి కోసం దాచారో గానీ ఆ దాచడం వల్లే నేను ఏమీ తెలియక పోయి ఆ కుండ ముందు నిలబడ్డాను. ఈ ఇంట్లో అందరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకునే వాళ్లే. అమ్మ, నువ్వు, నాయన, నేను. ఎవరిని ఎవరం ఉద్ధరించామో చెప్పు!

నాయన అడిగింది నిజం. దారంతా నాకు చెప్పే అవకాశం ఉంది. కర్నూలు దాటాక రంగనాయకి "మీ ఊరు ఇటేగా?" అని కూడా అడిగింది. "ఆ, ఇటే" అన్నాను. అంతకు మించి అనలేదు. అక్కడికి పోయాక చూద్దాంలే అనుకున్నాను. సిగ్గు కాదని నీ ముందు ఒట్టు వేద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. అందుకు నా మీద నాకు ఎంత మంటగా ఉందో రాయలేను.

కాబట్టి ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో అందరూ టిఫిను డబ్బాలు విప్పినప్పుడు చెప్పేశాను. "ఆళ్లగడ్డలో మన బండికి గాలి కొట్టినాయన మా నాన్న. ఆ కుండ మా ఇంటిది" అని. సూపరింటెండెంటుగారు "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని డబ్బా మూత పెట్టుకున్నారు. రంగనాయకి మాత్రం పళ్లెం పక్కకు నెట్టి లేచింది. నన్ను పట్టుకుని కుదిపింది.

"మీ నాన్నకు నేను రూపాయి ఇచ్చానా? నా చేత ఆ పని చేయించి చూస్తూ కూర్చున్నావా? నన్నేమనుకున్నావే నువ్వు?" అంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి, స్టవ్ మీద ఎవరి కాఫీ వాళ్లం కాచుకున్నాం. ఇన్నాళ్లూ నా కోపమే గొప్పదనుకున్నాను, దాని కోపం ముందు నాది దిగదుడుపు.

వారమయ్యాక అదే వచ్చి, "వానలు పడ్డాయి, జలపాతంలో నీళ్లుంటాయి. మళ్లీ పోదాం. అదే బండి, అదే షాపు" అంది. సెప్టెంబరు రెండో శనివారం వస్తున్నాం. సూపరింటెండెంటుగారు రావడం లేదు. రంగనాయకి పెద్దమ్మ వస్తానంది, ఎందుకొస్తుందో తెలియదు.

ఈసారి జాబు రాసే వస్తున్నానని నాయనకు చెప్పు. చొక్కా వేసుకోమను, వేసుకోకపోతే మానెయ్యమను. కుండ మాత్రం పెట్టాలి. పెట్టకపోతే నేనే ఇక్కడి నుంచి ఒడిలో పెట్టుకుని మోసుకొస్తాను.

లూదియా


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 3.

లూదియాకు మీ నాయన జకరయ్య రాసేది.

జయమ్మ రాసిస్తా అన్నాది. వద్దన్నా. నా అచ్చరాలు నీకు తెలుసు, కూడబలుక్కోని చదువుకో.

నీ జాబు సంగతి జయమ్మ చెప్పింది. వస్తే రా. నాకు కోపం పోయిందనుకోవద్దు. నీకూ పోలేదంట గదా. కోపంగానే రా, ఏం ఫరవాల్యా. కోపం వస్తే ఇంటికి రాగూడదని యాడా ల్యా.

కుండ కొన్నా. కొత్త కుండ గదా, రెండు దినాలు మట్టి వాసన కొడతాది. ఆ పాత గలాసే పెట్టినా.

వచ్చినోళ్లు ఎవురు తాగుతారో ఎవురు తాగరో నేను చూడను. నువ్వు తాగల్ల. అందరి ముందర తాగల్ల. అంతే నేను చెప్పేది.

మహానంది నీళ్లలో కాళ్లు పెట్టినావంటనే. మన గుళ్లో అడిగితే నేను చెప్పుకుంటాలే.

మీ నాయన


హైదరాబాదు,
సెప్టెంబరు 14.

అక్కా,

సెలవు దినమైనా బడికి ఇన్‌స్పెక్షను పెట్టారని నువ్వు మేం వచ్చేలోపే వెళ్లిపోయావు, మాతో రాలేకపోయావు. సరోజమ్మ నోట వినే ముందు నా నోట విను.

ఈసారి మొదట నీ ఇంటి ముందే ఆగాం. బావ తువ్వాలు కట్టుకునే ఉన్నాడు, ఆ సంగతి నీకు చెప్పే ఉంటాడు. మహానందికి పోలేదు, నేరుగా ఆళ్లగడ్డకే పోయాం.

షాపు కనబడగానే నేను కిటికీలో నుంచి తల బయట పెట్టి, వ్యాను ఆగకముందే "నాయనా!" అని అరిచాను. నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియదు. లాల్ సాహెబ్ టీ వడగట్టే గుడ్డ చేత పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు.

నాయన గుడికి వేసుకునే తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు మాత్రం నల్లగానే ఉన్నాయి. అంతకు ముందే లారీ వచ్చిందట.

"అరుస్తావేందే? నాకేమన్నా చెవుడా?"

"ఊరంతా ఇనబడాల" అన్నాను.

"ఇనబడిందిలే. ఇంక దిగు."

దిగాను. వెనకే రంగనాయకి, మిగతావాళ్లు దిగారు. ఇంతా అయ్యాక ఆ మనిషి ఏం చేశాడో తెలుసా? వాళ్లను చూడగానే, కుండకు అడ్డం జరిగి, "అమ్మా, ముందే చెప్తాండా, ఈ నీళ్లు..." అని మొదలుపెట్టాడు! నాకు ఎక్కడ లేని కోపం ముంచుకొచ్చింది. భుజం పెట్టి తోశాను. నిజంగానే తోశాను. ఆయన వెనక ఉన్న టైరు మీద చతికిలబడ్డాడు. నేను కుండ మీది మూత చెక్క తీసి, ముంచుకుని, ఆయన మొహంలోకి చూస్తూ తాగాను. మట్టి వాసన కొట్టింది. ఇంకో గ్లాసు ముంచి రంగనాయకికి ఇచ్చాను. అది గటగటా తాగి, "నా రూపాయి నాకు ఇచ్చేయండి" అని నాయన ముందు చెయ్యి చాపింది. నాయన టైరు మీదే కూర్చుని, "అది ఆ పొద్దే సాయిబు టీకి పాయనే" అన్నాడు. లాల్ సాహెబ్ పడీపడీ నవ్వాడు.

రంగనాయకి పెద్దమ్మ వ్యాను దిగలేదు. అంత దూరం వచ్చి దిగలేదు. నేను కిటికీలోకి గుడ్లురిమి చూస్తుంటే నాయన నా చెయ్యి పట్టి లాగాడు. "దప్పిక ల్యానోళ్లను అట్ల సూస్తారా?" అన్నాడు. ఆమె కోసం మళ్లీ సాహెబ్ దగ్గర జగ్గు తెప్పించాడు. అక్కడే, రోడ్డు మీదే, ఆయనతో పోట్లాడాను. "నీ ఇష్టం నీది, నా ఇంటికొచ్చినోళ్లను ఎండబెట్టేది నా వల్ల కాదు" అన్నాడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. నువ్వేమంటావో రాయి.

అహోబిలంలో నీళ్లు హోరెత్తి దూకుతున్నాయి. మాట్లాడితే పక్కవాళ్లకు వినబడదు. నాయన షాపు మూసి మాతోనే వచ్చాడు. కొండెక్కి, ఆ నీళ్లను చూసి, "ఇంత దగ్గర ఉండి ఎప్పుడూ రాల్యా" అన్నాడు. రంగనాయకి ఫోటో తీసింది. చొక్కా తడిసిందని నన్నే తిట్టాడు.

సాయంత్రం ఆళ్లగడ్డలో దించుతామని ఆగితే, లోపలికి పోయి ఆకుపచ్చ సంచితో వచ్చాడు. ట్యూబు ముక్కలు గుమ్మంలో కుప్పగా పోసి వచ్చాడు. "బండిలో సీటు ఉంది గదా" అని ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా సంచి జిగురు వాసన కొట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఇప్పుడు నా గదిలో, నా వెనకే నిలబడి ఈ జాబు చదువుతున్నాడు. ఇక్కడి కొళాయి నీళ్లు మందు వాసనట. బస్సులు దెయ్యాల మాదిరి పోతాయట.

"తోసింది రాసినావా?" అని అడుగుతున్నాడు.

"రాశాను."

"మోకాలు కొట్టుకునింది గూడ రాయి. ఇంకా నొస్తాంది."

లూదియా